డయాలసిస్ రోగులను ఇంట్లో చూసుకునే వారిపై పీహెచ్‌డీ: ఉద్యోగం చేస్తూ సాధ్యమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉద్దానం_నర్సు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా. మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఆరేళ్ల పాటు ఒక డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. రెండేళ్లుగా నర్సింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. వారానికి రెండు రోజులు విద్యార్థినులను క్లినికల్ పోస్టింగ్ కోసం మా పాత యూనిట్‌కే తీసుకువెళ్తుంటాను. నా వయసు 36. ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, ఉద్యోగం మానుకునే పరిస్థితి లేదు.

ఉద్దానంలోని మూత్రపిండాల వ్యాధి గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఊళ్లలో, మధుమేహం లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దీనికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ కారణాన్ని వెతికే పని పెద్ద పెద్ద సంస్థలు చేస్తున్నాయి. నా మనసు మాత్రం ఇంకోచోట ఉంది. వారానికి రెండు మూడు సార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండే మనిషి మిగతా కాలమంతా ఇంట్లోనే గడుపుతాడు. ఆ ఇంట్లో అతణ్ణి కనిపెట్టుకుని ఉండేది భార్య, తల్లి, లేదా కోడలు. మా కేస్ షీట్‌లో వారికి ఉన్న చోటల్లా అటెండెంట్ సంతకం పెట్టే గీత ఒక్కటే.

ఒక సంగతి చెబుతాను. మా యూనిట్‌కు భర్తను తీసుకువచ్చే ఒక అమ్మ, పొద్దున్నే ఒక లీటరు సీసా నిండా నీళ్లు పోసి గూట్లో పెట్టేది. భర్త టీ తాగినా, గంజి తాగినా, మాత్రలు మింగడానికి రెండు గుక్కలు తాగినా, అన్నే నీళ్లు ఆ సీసాలోంచి తీసి మొక్కకు పోసేది. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు ఆయన నీళ్లు అయిపోయినట్టే. ఇది మేమెవరమూ ఆమెకు నేర్పలేదు. ఆయన ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. పక్క మంచం మీది మనిషి, అదే వయసు, అదే ఊరు, నెలకు రెండుసార్లు అలా వచ్చేవాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

నేను రాసుకున్న అంశం ఇది: ‘డయాలసిస్ రోగుల సంరక్షకులలో భారం, దాన్ని తగ్గించడంలో స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం’. దీనికి పీహెచ్‌డీ స్థాయి ఉందా? నర్సింగ్‌లో నమోదు కావాలా, పబ్లిక్ హెల్త్‌లోనా? నాకు తెలిసిన రోగుల దగ్గరే సమాచారం సేకరించవచ్చా? ఇంగ్లండ్‌లో ఉన్న మా అక్క అక్కడికి వచ్చి చేయమంటోంది, అది ఆలోచించదగ్గదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

విజయవాడ_బోధకురాలు ఇచ్చిన సమాధానం

ఉద్యోగం చేస్తూ, పార్ట్‌టైమ్‌గా, ఏడేళ్లలో నర్సింగ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసినదాన్ని కాబట్టి ముందుగా నిబంధనల సంగతి చెబుతాను.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలలో పార్ట్‌టైమ్‌కు స్పష్టంగా చోటు ఉంది. అయితే మీ కళాశాల నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అందులో మీకు అనుమతి ఇస్తున్నామని మాత్రమే రాస్తే చాలదు. పరిశోధనకు తగినంత సమయం ఇచ్చేలా మీ విధులు ఉన్నాయని, అవసరమైతే కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన తరగతులు) కోసం మిమ్మల్ని విధుల నుంచి విడుదల చేస్తామని కూడా ఉండాలి. నేను చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. మా యాజమాన్యం మొదటి మాట ఒక్కటే రాసి ఇచ్చింది, నేను చూసుకోకుండా సంతోషంగా తెచ్చుకున్నాను. తీరా కోర్స్‌వర్క్ మొదలయ్యాక సెలవు దొరకక, ఒక సెమిస్టరు మొత్తం పోగొట్టుకున్నాను. ఆ పత్రం మీ చేతికి రాకముందే అందులోని ప్రతి వాక్యాన్నీ చదవండి.

కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు పొందవచ్చు. మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది, కానీ అన్నీ కలిపి పదేళ్లు దాటకూడదు. ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవుగా మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు ఐదు శాతం తగ్గింపు ఉంటుంది. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. థీసిస్ సమర్పించడానికి ముందు జర్నల్‌లో వ్యాసం ప్రచురించాలన్న పాత నిబంధనను యూజీసీ తీసివేసింది గానీ, విశ్వవిద్యాలయాలు తమ తమ నిబంధనలు పెట్టుకోవచ్చు. కాబట్టి మీరు చేరబోయే చోటి ప్రకటనను విడిగా చదవాల్సిందే.

ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకోకండి. యూజీసీ జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో నర్సింగ్‌కు విడిగా పేపర్ లేదు. దగ్గరగా ఉన్నది సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్. నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) మొత్తం 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలైంది, మంచి మొత్తమే, కానీ దానికి వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు సడలింపుతో 35. అదీగాక ఉద్యోగంలో ఉంటూ అది తీసుకోవడం కుదరదు.

ఇక మీ అంశం. స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ అన్న మాట చూడగానే నాకు దిగులు కలిగింది, ఎందుకంటే మన నర్సింగ్ ఎమ్మెస్సీ థీసిస్‌లలో ఎన్నో ఈ ఒక్క అచ్చులోనే పోతపోసి ఉంటాయి. ప్రీ టెస్ట్ పెట్టడం, నలభై అయిదు నిమిషాలు పాఠం చెప్పడం, ఏడో రోజున పోస్ట్ టెస్ట్ పెట్టి మార్కులు పెరిగాయని రాయడం. పాఠం చెప్పిన వారానికే అడిగితే మార్కులు పెరగక ఏమవుతాయి? అది తెలుసుకోవడానికి మీరు ఆరేళ్లు వెచ్చించనక్కర్లేదు. మీ దగ్గర అంతకంటే ఎంతో మంచి ప్రశ్న ఉంది, దాన్ని మీరే సీసా కథలో రాశారు. ఇళ్లలో ఈ మహిళలు తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతులేమిటి, అవి ఎవరింట్లో నిలబడుతున్నాయి, ఎవరింట్లో నిలబడడం లేదు, ఎందుకు? ముందు దాన్ని తెలుసుకుని, దాని ఆధారంగా ఒక బోధన కార్యక్రమం రూపొందిస్తే, ఆ కార్యక్రమానికి మీ ప్రాంతపు వేరు ఉంటుంది.

ఫలితాన్ని కొలవడానికి కూడా జ్ఞానం మార్కుల మీద ఆధారపడనవసరం లేదు. రెండు డయాలసిస్‌ల నడుమ పెరిగే బరువును మీరు ప్రతి సెషన్‌కూ రాసుకుంటూనే ఉన్నారు కదా! గత సెషన్ ముగిశాక ఉన్న బరువును ఈ సెషన్ మొదట్లో ఉన్న బరువులోంచి తీసివేస్తే వచ్చేదే అది. ఇంట్లో నీళ్ల నియమం ఎలా సాగుతోందో ఆ అంకె చెబుతుంది, అదీ ఎవరినీ అడగనక్కర్లేకుండా.

నమోదు విషయానికి వస్తే, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, భారత నర్సింగ్ మండలి తరఫున నడిచే నర్సింగ్ పీహెచ్‌డీ జాతీయ కన్సార్షియం, వీటి ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ఎక్కడ చేరాలన్న దానికంటే ఎవరి దగ్గర చేరాలన్నది ముందు తేల్చుకోండి. ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే ఒకేసారి తీసుకోగలరు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. గైడ్ దగ్గరికి వెళ్లే ముందు ఇప్పుడు వారి దగ్గర చేస్తున్న ఇద్దరితో విడిగా మాట్లాడండి. రాసి పంపిన అధ్యాయం ఎన్నాళ్లకు తిరిగి వస్తుందని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో చాలా విషయాలు అర్థమవుతాయి.

వరంగల్_ఆరోగ్య_పరిశోధకుడు ఇచ్చిన సమాధానం

పై మేడమ్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ అంశంలోని ‘భారం’ అనే మాట దగ్గర కాస్త ఆగమని కోరుతున్నాను. నేను పక్షవాతం వచ్చిన వృద్ధులను చూసుకునే కుటుంబాల మీద పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ మాట దగ్గరే నాకు ఏడాది పట్టింది.

సంరక్షకుల భారాన్ని కొలవడానికి అందరూ వాడే జారిట్ స్కేల్‌లో 22 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు, మొత్తం 88 మార్కులు. మీరు కూడా దాన్నే వాడాలని అనుకుంటూ ఉంటారు. దాన్ని నేను తెలుగులోకి తెచ్చి, మరొకరి చేత తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి, రెండూ సరిపోయాయని సంతోషపడి, మొదటి ఇంటికి వెళ్లాను. ‘ఈయన మీకు భారంగా అనిపిస్తున్నారా?’ అని అడగగానే ఆ ఇల్లాలు ముఖం గంటు పెట్టుకుని, ‘కట్టుకున్న మనిషి భారమెట్లయితడు సార్?’ అని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వెళ్లిన ఇళ్లలో లేచి వెళ్లకపోయినా అందరూ సున్నానే చెప్పారు. కాగితం మీద చూస్తే వారెవరికీ ఏ కష్టమూ లేదు. అదే మనిషిని, ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తారమ్మా? మీ అమ్మగారింటికి వెళ్లి ఎన్నాళ్లయింది?’ అని అడిగితే గంటసేపు చెప్పింది. అనువాదం అక్షరాలా సరిగ్గానే ఉంది, అయినా ఆ ప్రశ్న మన ఇళ్లలో అడగదగ్గది కాదు.

అందుచేత స్కేల్‌ను పట్టుకునే ముందు పది పన్నెండు మందితో తీరిగ్గా మాట్లాడండి. వారు తమ స్థితికి ఏ మాట వాడుతున్నారో వినండి. మీ ప్రాంతంలో ఆ మాట ఏదో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది. నిజానికి ఈ పనికి మీకున్న పెద్ద అర్హత అదే. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు కూడా ఉంటాయి కాబట్టి, వారిని చేర్చుకుంటారా లేదా అన్నది ప్రోటోకాల్‌లోనే, అంటే పరిశోధన ప్రణాళికలోనే, తేల్చండి. తీరా మొదలయ్యాక భాష రాదని వదిలేస్తే నమూనా ఒక పక్కకు ఒరిగిపోతుంది. మాట్లాడేటప్పుడు అత్తగారు పక్కన ఉంటే కోడలు ఒక మాట చెబుతుంది, బావి దగ్గర ఇంకో మాట చెబుతుంది. ఎక్కడ కూర్చుని మాట్లాడారో కూడా నోట్సులో రాసుకోండి. గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, దానికి కూడా రోజులు లెక్కపెట్టుకోండి. ఆ పని ఇతరులకు అప్పగించవద్దని నా సలహా. ఏడుపు, మౌనం, నవ్వు ఎక్కడ వచ్చాయో టైపు చేసేవారు రాయరు.

మీ రోగుల దగ్గరే సమాచారం సేకరించవచ్చా అని అడిగారు. నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతితో చేయవచ్చు. కానీ ఒక్కసారి వారి వైపు నుంచి చూడండి. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన మార్గం) ఉన్న మనిషికి సూది గుచ్చే సిస్టరే వచ్చి, ‘నా పరిశోధనలో చేరతారా, ఇష్టం లేకపోతే వద్దు’ అని అడిగితే, ఆ ఇష్టం లేదన్న మాట వారి నోటి నుంచి ఎలా వస్తుంది? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఇలా ఆధారపడి ఉన్నవారి విషయంలో ఒత్తిడి లేకుండా చూడాలని గట్టిగా చెబుతున్నాయి. చికిత్సలో పాలుపంచుకోని మరొకరి చేత సమ్మతి తీసుకోండి. చదవడం రానివారికి సమాచార పత్రాన్ని పూర్తిగా చదివి వినిపించి, మీ బృందానికి చెందని సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి. వీలైతే మీరు పనిచేయని కేంద్రాన్నే ఎంచుకోండి. ఇంకొకటి, పత్రంలోని తెలుగు. ‘స్వచ్ఛంద భాగస్వామ్యమును ఉపసంహరించుకొనుటకు’ అని రాస్తే కమిటీకి నచ్చవచ్చు గానీ, ఆ అమ్మకు అందదు. ‘మధ్యలో వద్దనుకుంటే మానేయవచ్చు, మీ వైద్యానికి ఏ లోటూ రాదు’ అని రాయండి.

నర్సింగా, పబ్లిక్ హెల్తా అన్నదానికి నా అభిప్రాయం: మీరు బోధనలో కొనసాగాలనుకుంటే నర్సింగే మేలు, పదోన్నతికి అదే లెక్కలోకి వస్తుంది. పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లాలనిపిస్తే తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన అచ్యుత మీనన్ కేంద్రం గురించి తెలుసుకోండి, కానీ మీ కుటుంబ పరిస్థితికి అది దూరాభారం.

గణాంకాల_మాస్టారు ఇచ్చిన సమాధానం

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. బోధన కార్యక్రమాన్ని పరీక్షించే దశకు వచ్చినప్పుడు, లాటరీ తీసి ఈ రోగి ఇటు, ఆ రోగి అటు అని విడదీయకండి. ఒకే షిఫ్టులో వచ్చేవారు నాలుగు గంటలు పక్కపక్కనే పడుకుంటారు, వారి ఇంటివారు బయట బెంచీ మీద కలిసి కూర్చుంటారు. మీరు ఒకరికి చెప్పినది సాయంత్రానికల్లా బెంచీ అంతటికీ తెలిసిపోతుంది. అందుకని షిఫ్టులనో, కేంద్రాలనో విభజించాలి. అలా చేస్తే మనుషుల సంఖ్య పెంచాల్సి వస్తుంది. ఒక్కో గుంపులో 20 మంది ఉండి, గుంపులోపలి పోలిక (ఒకే గుంపువారి ఫలితాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయన్న కొలత) 0.05 అనుకుంటే, మామూలు లెక్కను 1.95తో, అంటే దాదాపు రెండింతలతో హెచ్చించాలి. గుంపుల సంఖ్య కూడా మరీ తక్కువ కాకూడదు. రెండే కేంద్రాలు తీసుకుంటే వచ్చిన తేడా మీ పాఠం వల్లనా, ఆ కేంద్రాల వల్లనా చెప్పలేం. ఈ లెక్క ప్రోటోకాల్ రాసేటప్పుడే ఎవరైనా గణాంక నిపుణుడి దగ్గర కూర్చుని చేయించుకోండి. సమాచారమంతా సేకరించి మా దగ్గరకు తెచ్చేవారికి మేము చేయగలిగింది చాలా తక్కువ. అలాగే ఇది ఇంటర్వెన్షన్ ట్రయల్ (ఒక కార్యక్రమాన్ని అమలుచేసి ఫలితం చూసే పరీక్ష) అవుతుంది కాబట్టి, మొదటి మనిషిని చేర్చుకోకముందే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయించాలి. తర్వాత చేయిస్తే కుదరదు.

మాంచెస్టర్_వార్డు_నర్సు ఇచ్చిన సమాధానం

ఇంగ్లండ్ ఆలోచన గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ పీహెచ్‌డీ ఫుల్‌టైమ్ అయితే సాధారణంగా మూడు నాలుగేళ్లు. ఉద్యోగంలో ఉన్న నర్సులు తమ వార్డులోని సమస్య మీదే పనిచేసేలా ప్రొఫెషనల్ డాక్టరేట్ అనే మార్గం కూడా ఉంది. 2024 జనవరి నుంచి విద్యార్థి వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలు ప్రధానంగా పరిశోధన డిగ్రీలవారికే మిగిలింది, అంటే పీహెచ్‌డీకి పిల్లలను తీసుకురావచ్చు. అయితే విదేశీ విద్యార్థులకు ఫీజు చాలా ఎక్కువ, స్కాలర్‌షిప్ లేకుండా మోయలేరు. అన్నిటికంటే ముఖ్యంగా, మీ ప్రశ్న ఉద్దానంలో ఉంది. మీరిక్కడికి వస్తే సమాచారం కోసం ఏడాదిలో రెండు నెలలు అక్కడికి పరుగెత్తాలి. మీ అక్కగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ నేను మీ స్థానంలో ఉంటే అక్కడే మొదలుపెడతాను.

ఉద్దానం_నర్సు రాసిన ప్రతిస్పందన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మీరు చెప్పినవి కొన్ని చేసి చూశాక రాద్దామనుకున్నాను.

వరంగల్ సార్ చెప్పాక, పరిశోధన అనే పేరు ఏమీ పెట్టకుండా, నాకు చిరకాలంగా తెలిసిన ఇద్దరు అమ్మలతో వారి ఇంటి దగ్గర ఊరికే కూర్చుని మాట్లాడాను. రికార్డు చేయలేదు, పేర్లు రాసుకోలేదు. భారం అన్న మాట నేను ఎత్తలేదు. ఒకామె, ‘నాకేటి కష్టం సిస్టరూ, సూదులు ఆయనకి కదా’ అంది. కాసేపటికి, ‘ఆయన ముందర నేను నీళ్లు తాగను, పెరట్లోకెళ్లి తాగుతాను’ అని తనే చెప్పింది. పక్కనున్న రెండో ఆమె తలూపింది, తనూ అంతేనట. ఆరేళ్లు వారితో ఉండి కూడా ఈ సంగతి నాకు తెలియదు. రోగికి ఎన్ని మిల్లీలీటర్లో చెప్పి పంపించాను గానీ, ఆ ఇంట్లో మిగతావారు నీళ్లు ఎలా తాగుతున్నారని ఏనాడూ అడగలేదు.

అంశాన్ని తిరగరాశాను. మొదటి దశలో ఇళ్లలో నీళ్ల నియమం ఎలా నడుస్తోందో సంరక్షకులతో ఇంటర్వ్యూలు. రెండో దశలో వారి పద్ధతుల నుంచే తయారుచేసిన కార్యక్రమం, ఫలితంగా డయాలసిస్‌ల నడుమ పెరిగే బరువు. నేను పనిచేసిన యూనిట్‌ను వదిలేసి, వేరే కేంద్రాల అనుమతి అడగాలని నిర్ణయించుకున్నాను. మాస్టారు గారి లెక్క చూశాక ట్రయల్‌కు ఎన్ని కేంద్రాలు దొరుకుతాయో అనుమానంగా ఉంది; దొరకకపోతే రెండో దశను చిన్న ఫీజిబిలిటీ (ఆచరణసాధ్యత) అధ్యయనంగా కుదించవచ్చా అని ఆయననే అడుగుతున్నాను. నిరభ్యంతర పత్రం ముసాయిదాను నేనే రాసి, కోర్స్‌వర్క్ సెలవు వాక్యంతో సహా మా ప్రిన్సిపల్ మేడమ్‌కు ఇచ్చాను. సోమవారం యాజమాన్యంతో మాట్లాడతానన్నారు.